ఏ స్కోరు చూపాలి, ఏది వదలాలి: హనుమకొండ విద్యార్థిని పది దరఖాస్తులు

నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల నోట అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న ప్రశ్న "సార్, ఈ స్కోరు పంపొచ్చా?" అన్నదే. అమెరికా విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ చదువుకు దరఖాస్తు చేసే పిల్లలకు హైదరాబాదులో సలహాదారుగా పనిచేస్తున్న ఈ పద్నాలుగేళ్లలో, ఆ ప్రశ్న వేసినవారు దాదాపు అందరూ నా నుంచి ఒక అంకెనే ఆశించారు: ఇంత దాటితే పంపాలి, దాటకపోతే వదిలేయాలి. ఎంసెట్ ర్యాంకులకూ కౌన్సెలింగ్ కటాఫ్‌లకూ అలవాటుపడినవాళ్లం కనుక అలా అడగడం సహజమే. ఇక్కడ రాస్తున్న కేసులో మాత్రం ఒకే అమ్మాయి స్కోర్లు పది విశ్వవిద్యాలయాలకు నాలుగైదు రకాలుగా వెళ్లాయి. ఒకచోటికి వెళ్లగలిగి ఉండీ వెళ్లలేదు. అక్కడ నేనిచ్చిన సలహా సరైనదేనా అన్న సందేహం నాకు ఇంకా తీరలేదు. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, స్కోర్ల జోలికి పోలేదు.

అమ్మాయిది హనుమకొండ. తండ్రికి వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. తల్లి ప్రభుత్వ పాఠశాలలో టీచరు. 2024లో పదో తరగతి 10 జీపీఏతో పూర్తిచేసి, ఊళ్లోనే ఒక జూనియర్ కళాశాలలో ఎంపీసీలో చేరింది. మొదటి సంవత్సరంలో 470కి 462 మార్కులు వచ్చాయి. ఇంటర్‌లో చేరిన నాటి నుంచి వడ్డేపల్లి చెరువు నీళ్లు నెలనెలా సీసాల్లో పట్టి, డాలస్‌లో ఉన్న మేనమామ పంపిన పరీక్ష కిట్‌తో వాటిని పరీక్షించి, ఫలితాలు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో గళ్లు గీసుకుని రాసిపెట్టింది. చదవాలనుకున్నది సివిల్ లేదా ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్.

2025 సెప్టెంబరు రెండో వారంలో వాళ్లు నా దగ్గరకు వచ్చేసరికి ఆమె సాట్ (అమెరికాలో డిగ్రీ ప్రవేశాలకు చూసే పరీక్ష, రెండు విభాగాలు కలిపి 1600) మూడుసార్లు రాసి ఉంది. 2024 డిసెంబరులో రీడింగ్ అండ్ రైటింగ్ 670, మ్యాథ్ 720, మొత్తం 1390. 2025 జూన్‌లో 630, 790, మొత్తం 1420. ఆగస్టులో 680, 770, మొత్తం 1450. వీటికి తోడు 2025 మేలో హైదరాబాదులో బయటి విద్యార్థులను అనుమతించే ఒక పాఠశాలలో మూడు ఏపీ పరీక్షలు రాసింది. (మా ఆఫీసులో ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కళాశాల స్థాయి పాఠాల మీద స్కూలు పిల్లలు రాసే పరీక్షలు. కొత్తగా వచ్చిన ప్రతి తండ్రీ ఒకసారి పొరబడతాడు.) కాలిక్యులస్ బీసీలో 5కి 5, ఫిజిక్స్ సీ మెకానిక్స్‌లో 4, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో 3. ఇంగ్లిషు పరీక్ష టోఫెల్ ఒక్కసారే రాసింది, 120కి 104.

కుటుంబంలో అప్పటికే రెండు వాదాలు నడుస్తున్నాయి. బాగా వచ్చిన ఆగస్టు స్కోరు ఒక్కటే పంపాలని తండ్రి పట్టు. అన్నీ పంపాలని, దాచితే అనుమానిస్తారని మేనమామ ఫోనులో వాదన. మేనమామ మాటను తీసిపారేయలేం. ఆయన ఎంఎస్‌కు దరఖాస్తు చేసిన 2004 నాటికి జీఆర్‌ఈ ఎన్నిసార్లు రాస్తే అన్ని స్కోర్లూ కలిసే వెళ్లేవి. ఏ తేదీ స్కోరు పంపాలో అభ్యర్థే ఎంచుకునే వీలు జీఆర్‌ఈలో 2012లో వచ్చింది, సాట్‌లో 2009లో స్కోర్ చాయిస్ పేరుతో వచ్చింది. ఆయన చెప్పింది ఆయన కాలానికి నిజం. బంధువుల సలహాల్లో నేను చూసే పొరపాట్లు చాలావరకు ఈ జాతివే: మాట తప్పు కాదు, దాని గడువు తీరిపోయి ఉంటుంది.

స్కోరు కంటే ముందు పేరు

పంపాలా వద్దా అన్న చర్చకు కూర్చోకముందే వేరే సమస్య బయటపడింది. సాట్, ఏపీ పరీక్షలు నిర్వహించే కాలేజ్ బోర్డులో ఉన్న ఖాతా తెరిచి చూపించమంటే ఆ అమ్మాయి ఫోనులో జూన్, ఆగస్టు స్కోర్లే కనిపించాయి, డిసెంబరుది లేదు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, మొదటి ఖాతాను ఒక కోచింగ్ సెంటర్ వారు తెరిచారు, లాగిన్ వివరాలు వారి దగ్గరే ఉండిపోయాయి, జూన్ పరీక్షకు అమ్మాయి సొంతంగా కొత్త ఖాతా తెరుచుకుంది. పైగా మొదటి ఖాతాలో ఇంటిపేరు ఉండాల్సిన చోట అసలు పేరు, అసలు పేరు ఉండాల్సిన చోట ఇంటిపేరు నమోదయ్యాయి. మన పిల్లల పేర్లలో ఇది నిత్యం జరిగేదే. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ముందు వస్తుంది, కొందరికి పొడి అక్షరంగా మిగిలిపోతుంది, పాస్‌పోర్టులో వెనక్కి పోతుంది. ఈ మూడింటిలో ఏది చూసి ఫారం నింపితే అమెరికాలో అదే మనిషి పేరవుతుంది. అవతలి కంప్యూటరుకు మాత్రం వాళ్లు ఇద్దరు వేర్వేరు అమ్మాయిలు.

దీనికి ఇంకో ముడి కూడా ఉంది. పరీక్షకు నమోదైనప్పటి నుంచి పరీక్ష అయిన తొమ్మిదో రోజు వరకు నాలుగు కళాశాలలకు స్కోరు ఉచితంగా పంపుకోవచ్చు. ఉచితం కదా అని కోచింగ్ సెంటర్ వారు ఆ నాలుగూ నింపేశారు. ఇందులో మెలిక ఏమిటంటే ఆ గడువు స్కోరు కళ్లబడకముందే ముగుస్తుంది, అంటే ఎంత వచ్చిందో తెలియని దశలోనే అది ఎక్కడికి వెళ్లాలో తేల్చేస్తున్నట్టు. ఆ విధంగా 1390 స్కోరు, తారుమారైన పేరుతో, నాలుగు చోట్లకు వెళ్లిపోయింది. వాటిలో పర్‌డ్యూ, ఇలినాయ్ విశ్వవిద్యాలయాలు మా తుది జాబితాలోనూ ఉన్నాయి. వెళ్లిన స్కోరును వెనక్కి తెప్పించే దారి లేదు. నా దగ్గరకు ముందే వచ్చే పిల్లలకు ఆ నాలుగు గళ్లనూ ఖాళీగా వదలమనే చెబుతాను. తర్వాత ఫీజు కట్టి పంపడంలో పోయేది కొన్ని డాలర్లు, ముందే పంపడంలో పోయేది ఎంచుకునే హక్కు.

రెండు ఖాతాలను ఒకటిగా కలిపించడానికి ఫోన్లు, ఈమెయిళ్లు, పాస్‌పోర్టు ప్రతులతో దాదాపు మూడు వారాలు పట్టింది. ఈ పని ఎంత విసుగు పుట్టించినా తప్పదు. దరఖాస్తులో మనం రాసుకున్న స్కోరు, చేరేముందు అధికారికంగా అందే స్కోరుతో సరిపోలాలి, సరిపోలకపోతే ఇచ్చిన సీటునైనా వెనక్కి తీసుకునే అధికారం వారికి ఉంటుంది.

పది చోట్ల పది నియమాలు కావు, కానీ ఒకటీ కాదు

జాబితాలో పది పేర్లు నిలిచాయి. జార్జియా టెక్, పర్‌డ్యూ, ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం, కార్నెల్ స్కోరు తప్పనిసరిగా అడిగేవి. కోవిడ్ కాలంలో స్కోరు ఐచ్ఛికం చేసిన విద్యాసంస్థల్లో కొన్ని ఒక్కొక్కటిగా పాత దారికి వచ్చాయి: 2022 మార్చిలో ఎంఐటీ, 2024లో డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్, ఆ తర్వాత మరికొన్ని. కార్నెల్‌లో ఆ నియమం సరిగ్గా ఈ అమ్మాయి బ్యాచ్‌తోనే మొదలైంది. ఇలినాయ్, మిషిగన్, విస్కాన్సిన్ మ్యాడిసన్‌లలో ఇష్టమైతే ఇవ్వవచ్చు. డేవిస్, బర్క్‌లీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానివి, అక్కడ సాట్ స్కోరును ప్రవేశానికి గానీ స్కాలర్‌షిప్‌కు గానీ చూడనే చూడరు. 2020 మేలో అక్కడి రీజెంట్లు (పాలకమండలి సభ్యులు) తీసుకున్న నిర్ణయంతో ఆ మార్పు మొదలైంది. పదోది యేల్. అక్కడ ఏదో ఒక పరీక్ష ఇవ్వడం తప్పదు కానీ సాట్, దానికి పోటీగా ఉన్న ఏసీటీ, ఏపీ, ఇంటర్నేషనల్ స్కూళ్లలో ఉండే ఐబీ, వీటిలో ఏదన్నది అభ్యర్థి ఇష్టం.

మేనమామ కోరిక మీద జార్జ్‌టౌన్ పేరు కూడా కొన్నాళ్లు జాబితాలో ఉంది. ఆ విశ్వవిద్యాలయం స్కోర్ చాయిస్‌ను ఒప్పుకోదు, రాసిన ప్రతి సాట్ స్కోరూ చూపమంటుంది. ఇంజినీరింగ్ లేదు కనుక చివరికి తీసేశాం. ఒకవేళ ఉంచినా డిసెంబరు 1390 గురించి నేను పెద్దగా దిగులుపడేవాణ్ని కాదు. మూడుసార్లు రాసి 1390 నుంచి 1450కి చేరిన పిల్లను చూసి ఎవరూ ముఖం చిట్లించరు. ఏడెనిమిదిసార్లు రాసినవారి విషయంలోనే ఆ నియమం బాధిస్తుంది.

తండ్రి కోరినట్టు ఆగస్టు ఒక్కటే పంపితే పోయేదేమిటో ముందు వాళ్లకు చూపించాను. ఇప్పుడు చాలా చోట్ల సూపర్‌స్కోర్ లెక్కిస్తారు, అంటే వేర్వేరు తేదీల్లో ఒక్కో విభాగంలో వచ్చిన అత్యధిక మార్కును కలుపుకుంటారు. ఆగస్టు 680కి జూన్ 790 కలిస్తే 1470. అయితే స్కోర్ చాయిస్‌లో ఎంచుకునేది తేదీని, విభాగాన్ని కాదు. జూన్ 790 కావాలంటే దానితో అంటుకుని ఉన్న 630 కూడా వెళుతుంది. ఆ 630ని చూసి తండ్రి వెనకాడారు. దరఖాస్తు దశలో కామన్ యాప్ (చాలా కళాశాలలకు ఒకే చోట నింపే ఆన్‌లైన్ దరఖాస్తు) అడిగేది ఒక్కో విభాగంలో అత్యధిక స్కోరు, అది వచ్చిన తేదీ. కాబట్టి మొదట చదివేవారికి కనిపించేది 680, 790 మాత్రమే. తర్వాత అధికారిక నివేదికలో 630 బయటపడినా, సూపర్‌స్కోర్ లెక్కించేచోట దాన్ని పక్కన పెడతామని వారే చెబుతారు. డిసెంబరు తేదీ సంగతి సులువుగానే తేలింది. దానిలోని 670 గానీ 720 గానీ దేనిలోనూ అత్యధికం కాదు, కనుక దాన్ని చూపడంలో లాభమూ లేదు, ఇప్పటికే చేరినచోట నష్టమూ లేదు.

ఇంకో చిక్కు కామన్ యాప్ నిర్మాణంలోనే ఉంది. అందులో పరీక్షల విభాగం అన్ని కళాశాలలకూ ఉమ్మడి. ఒకచోటికి సమర్పించాక దాన్ని సవరించి మరోచోటికి సమర్పించవచ్చు గానీ, మరిచిపోతే పాతదే వెళుతుంది. అందువల్ల ఏ దరఖాస్తు ఏ రోజు వెళ్లాలి, దానికి ముందు ఏ గడి మార్చాలి అన్నది ఒక కాగితం మీద రాసి ఆమె చదువుకునే బల్ల ముందు గోడకు అంటించమన్నాను. అక్టోబరు 15న టెక్సస్‌తో మొదలై, నవంబరు 1 గడువులు దాటి, నవంబరు చివర కాలిఫోర్నియాతో ఒక దశ ముగిసింది. కాలిఫోర్నియాది వేరే ఫారం కనుక దానికి ఈ బెడద లేదు.

1470 ఎక్కువా, తక్కువా

అసలు బరువైన ప్రశ్న స్కోరు ఐచ్ఛికమైన మూడుచోట్ల వచ్చింది. ఇలాంటి సందర్భంలో అందరూ చెప్పే లెక్క ఒకటుంది: కళాశాల ప్రకటించే 25వ, 75వ పర్సంటైల్ స్కోర్ల (చేరినవారిలో కింది పాతిక శాతం, పై పాతిక శాతం మొదలయ్యే హద్దులు) మధ్య నీ స్కోరు పైభాగంలో ఉంటే ఇవ్వు, కిందిభాగంలో ఉంటే వదులు. అందరూ స్కోరు ఇవ్వాల్సిన రోజుల్లో ఈ లెక్కకు అర్థం ఉండేది. ఐచ్ఛికమయ్యాక ఆ అంకెలు ఎవరివో చూడాలి. ఒక కళాశాలలో 1000 మంది కొత్తగా చేరారని, వారిలో 450 మందే స్కోరు ఇచ్చారని అనుకుందాం. ప్రకటించే పర్సంటైళ్లు ఆ 450 మందివి మాత్రమే. 1380 వచ్చి, తక్కువేమోనని దాచుకుని, అయినా సీటు సంపాదించినవాళ్లు ఆ లెక్కలో ఎక్కడా ఉండరు. వాళ్లు లేకపోవడం వల్ల పరిధి పైకి జరుగుతుంది, మరుసటి ఏడాది ఆ పరిధిని చూసి 1420 వచ్చినవాళ్లు కూడా దాచుకుంటారు, పరిధి ఇంకాస్త జరుగుతుంది. చాలా అమెరికా కళాశాలలు ఏటా విడుదల చేసే కామన్ డేటా సెట్‌లో సీ9 అనే భాగం ఉంటుంది. పర్సంటైళ్లతో పాటు ఎంత శాతం మంది స్కోరు ఇచ్చారో కూడా అందులోనే ఉంటుంది. మొదటి వరుస చూసి రెండోది చూడకపోవడం, ధర చూసి తూకం చూడకుండా సరుకు కొనడం లాంటిది.

డార్ట్‌మత్ 2024 ఫిబ్రవరిలో స్కోరును మళ్లీ తప్పనిసరి చేసినప్పుడు, అక్కడి ఆచార్యుల బృందం ఒకటి చేసిన పరిశీలన దానికి ఆధారమైంది. అంతగా వసతులు లేని నేపథ్యం నుంచి వచ్చిన కొందరు విద్యార్థులు తమకు మేలు చేయగలిగిన స్కోర్లను కూడా తక్కువనుకుని దాచుకున్నారని ఆ బృందం గమనించింది. వారు మాట్లాడింది ప్రధానంగా అమెరికా విద్యార్థుల గురించి, దాన్ని యథాతథంగా హనుమకొండకు తెచ్చి అతికించలేం. అయినా ఈ అమ్మాయి ఫైలు ముందు పెట్టుకున్నప్పుడు నన్ను నడిపించింది దాని వెనక ఉన్న తర్కమే. ఒక స్కోరు ఎంత పెద్దది అన్నదానికంటే, అది లేకపోతే ఆ ఖాళీని చదివేవారు దేనితో నింపుకుంటారు అన్నది నాకు ముఖ్యం.

ఆమె విషయంలో ఆ ఖాళీ చిన్నదేమీ కాదు. 470కి 462 మన కళ్లకు గొప్ప మార్కే. అయితే ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీలో 465 దాటినవారు రాష్ట్రంలో ఎందరుంటారో ఫలితాల మర్నాడు పేపర్ల నిండా అచ్చయ్యే ప్రకటనలు చూస్తే తెలుస్తుంది. అమెరికాలో కూర్చుని మెమో చదివేవారికి ఆ 462 ఏమీ తేల్చి చెప్పదు, ఆ జూనియర్ కళాశాల పేరు అంతకుముందు విని ఉండరు, అక్కడి నుంచి వెళ్లి తమ దగ్గర చదివిన పాత విద్యార్థి ఒక్కరూ ఉండరు. ఏటా ముప్పై నలభై మందిని అమెరికాకు పంపే హైదరాబాదు ఇంటర్నేషనల్ స్కూలు విద్యార్థి స్కోరు ఇవ్వకపోతే, ఆ పాఠశాల చరిత్ర కొంత ఖాళీని నింపుతుంది. ఈ అమ్మాయి ఇవ్వకపోతే ఆ ఖాళీని అనుమానం నింపుతుంది. అందువల్ల 1470 ఆ పరిధిలో సరిగ్గా ఎక్కడ పడిందన్న మీమాంస పెట్టుకోకుండా ఇలినాయ్, విస్కాన్సిన్‌లకు స్కోరు ఇవ్వాలని నిర్ణయించాం. పైగా ఇంజినీరింగ్‌కు దరఖాస్తు చేస్తున్న పిల్లకు 790 అన్న లెక్కల స్కోరు మొత్తంకంటే ముందు కంటబడుతుంది.

ఈ దశలో అమ్మాయి అక్టోబరులో నాలుగోసారి రాస్తానని పట్టుబట్టింది. నేను వద్దన్నాను. కారణం దయ కాదు, లెక్క. సాట్ నివేదికలోనే ప్రతి స్కోరు పక్కన ఒక పరిధి అచ్చవుతుంది. అదే స్థాయి విద్యార్థి మళ్లీ రాస్తే ఎంతవరకు హెచ్చుతగ్గులు వస్తాయో అది చెబుతుంది, ఒక్కో విభాగంలో అది ఇటూ అటూ ముప్పై పాయింట్ల దరిదాపుల్లో ఉంటుంది. 680ని 700 చేసుకోవడానికి పెట్టే నెల రోజులు ఆ హెచ్చుతగ్గుల్లోనే కలిసిపోవచ్చు. అదే నెల వ్యాసాలకు కావాలి, ఇంటర్ రెండో సంవత్సరానికి కావాలి. ఏసీటీ రాస్తే ఎలా ఉంటుందని తల్లి అడిగారు. ఇంట్లో రాసిన నమూనా పరీక్షలో 32 వచ్చింది, రెండు పరీక్షల అధికారిక పోలిక పట్టికలో అది సాట్ 1430కి సమానం. ఆ ఆలోచన అక్కడే ఆగింది.

ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో 3

అందరికన్నా అమ్మాయినే ఎక్కువ బాధపెట్టింది ఈ మార్కు. 5, 4 పక్కన 3 కాస్త తక్కువ అనిపించడం ఒక ఎత్తు, చదవాలనుకున్న సబ్జెక్టులోనే అది రావడం ఇంకో ఎత్తు. "సార్, నేను చదవాలనుకునేదే అది. అది రాయకుండా మిగతా రెండే రాస్తే అబద్ధం చెప్పినట్టు కాదా?" అని అడిగింది. తండ్రి నాకంటే ముందే అందుకున్నారు. "మార్కెట్ల మచ్చు సూపిస్తం బిడ్డా. మచ్చు మంచిదే సూపిస్తరు. గానీ బస్తాల కూడా గదే సరుకు ఉండాలె. లేకుంటే మల్లొక్కసారి మన దుక్నం మెట్టు ఎక్కరు." ఈ వృత్తిలో చేరేవారికి నేను చెప్పే పాఠం కంటే అది స్పష్టంగా ఉంది.

ఫారం అడిగేది నువ్వు రాసిన ఏపీలన్నీ చెప్పమని కాదు, చెప్పదలచుకున్నవి చెప్పమని. కనుక కామన్ యాప్‌లో దాన్ని వదలడం అబద్ధం కాదు. అంతకుమించి చూడాల్సింది, ఆ 3 ఏం చెబుతోంది అన్నది. ఆమెతో కూర్చుని పరీక్షలో ఎక్కడ తడబడిందో అడిగాను. నీటిలో కరిగిన ఆక్సిజన్, నైట్రేట్లు, చెరువుల్లో పేరుకునే పచ్చినాచు గురించి ఇబ్బంది పడలేదు. ఆ పాఠ్యప్రణాళికలో అమెరికా చట్టాలు ఉంటాయి. క్లీన్ వాటర్ యాక్ట్ ఏం నియంత్రిస్తుంది, ప్రమాదకర వ్యర్థాలకు ఏ చట్టం వర్తిస్తుంది లాంటివి. సొంతంగా చదువుకున్న పిల్లకు అవి ఆఖరి వారంలో బట్టీపట్టిన పేర్లు మాత్రమే. అంటే ఆ 3 ఆమెకు పర్యావరణం తెలియదని చెప్పడం లేదు, అమెరికా పర్యావరణ పాలన తెలియదని చెబుతోంది. అది విడమరచి చెప్పే చోటు ఫారంలో లేదు, చెప్పినా సాకులా వినిపిస్తుంది. వడ్డేపల్లి చెరువు లెక్కలు నింపిన ఆ నోట్‌బుక్ గురించి వ్యాసం ఉండగా, ఆ 3 దాని పక్కన నిలబడి దాన్ని కాదనేట్టు చేయడం ఎందుకు? కామన్ యాప్‌లో 5, 4 రాసి 3ను వదిలేశాం.

కాలిఫోర్నియాలో మాత్రం ఇదే 3ను చూపించాం. సాట్ చూడని ఆ విశ్వవిద్యాలయం ఏపీ స్కోర్లను దరఖాస్తులో అడుగుతుంది, 3 లేదా ఆపై వచ్చినవాటికి చేరాక క్రెడిట్లు (డిగ్రీలో ఆ మేరకు చదివినట్టు లెక్క) ఇస్తుంది. సాట్ లేనిచోట బయటి పరీక్షల్లో ఆమె నిలబడిందని చెప్పడానికి మిగిలినవి ఏపీలే. మూడు సబ్జెక్టులు రాసి మూడింటిలోనూ క్రెడిట్ అర్హత సాధించిన పిల్లగా అక్కడ ఆ 3 ఆమెకు బలమే. పాత రోజుల్లో అయితే ఈ పనిని సాట్ సబ్జెక్ట్ టెస్టులు చేసేవి. మన ఎంపీసీ పిల్లలు మ్యాథ్ లెవెల్ 2లో, ఫిజిక్స్‌లో 800 తెచ్చుకుని వాటితోనే గట్టెక్కేవారు. 2021లో అవి ఆగిపోయాక ఆ బరువంతా ఏపీల మీద పడింది.

యేల్‌లో ఏపీల దారి పడితే అప్పటివరకు రాసిన ఏపీల ఫలితాలన్నీ ఇవ్వాలి, మనకు నచ్చినవి ఏరుకునే వీలు లేదు. అందుకని అక్కడ సాట్ దారి పట్టాం. అక్కడ ఆశ పెద్దగా లేదని కుటుంబానికి ముందే చెప్పాను, దాని మీద ఎక్కువ సమయం ఖర్చు చేయలేదు.

ఒక సంగతి మాత్రం అమ్మాయికి స్పష్టంగా చెప్పి ఉంచాను. చేరే సమయంలో కాలేజ్ బోర్డు నుంచి పంపే అధికారిక ఏపీ నివేదికలో మూడు మార్కులూ ఉంటాయి. ఒకటి కనిపించకూడదంటే దాన్ని రద్దు చేయించుకోవాలి, లేదా ఫలానా కళాశాలకు పంపవద్దని విడిగా కోరాలి. రెండూ చేయవద్దన్నాను. సీటు ఇచ్చేశాక ఆ 3ను చూసి ఎవరూ ఏమీ అనరు, రద్దు చేస్తే పోయేవి క్రెడిట్లు.

మిషిగన్

ఇక్కడ నేను నా తర్కానికే ఎదురు నడిచాను. మిషిగన్ ఇంజినీరింగ్‌కు స్కోరు ఇవ్వవద్దని చెప్పాను. ఆ సాయంత్రం నా కారణాలు నాకు గట్టిగానే అనిపించాయి: ఇంజినీరింగ్ విభాగానికి వచ్చే దరఖాస్తుల స్థాయి మొత్తం విశ్వవిద్యాలయం కంటే ఎక్కువ, భారతదేశం నుంచి వెళ్లేవారిలో 1550 పైన ఉన్నవారు దండిగా ఉంటారు, లెక్కల సత్తాను కాలిక్యులస్‌లో వచ్చిన 5 ఎలాగూ చూపుతుంది, ఇంగ్లిషుకు టోఫెల్ 104 ఉంది, 680 కంటబడకపోవడమే మేలు.

వారం తర్వాత నా రాతలు తిరగేస్తుంటే, ఇలినాయ్ విషయంలో పంపాలని వాదించడానికి వాడిన ప్రతి వాక్యమూ మిషిగన్‌కూ వర్తిస్తుందని తోచింది. కళాశాల అక్కడా ఎవరికీ తెలియనిదే, 462 అక్కడా ఏమీ తేల్చని మార్కే, ఖాళీ అక్కడా ఖాళీయే. తేడా అంతా నా భయంలో ఉంది. పేరున్న చోటికి వచ్చేసరికి స్కోరు ఏం చెబుతోందన్నది వదిలేసి, పక్కవాళ్లకు ఎంత వచ్చిందన్న పోలికలో పడిపోయాను. ఏ కటాఫ్ మనస్తత్వాన్ని తల్లిదండ్రుల నుంచి వదిలించాలని ఏళ్లుగా చూస్తున్నానో, అదే నా చేత ఆ సలహా ఇప్పించింది. అప్పటికే దరఖాస్తు వెళ్లిపోయింది.

జనవరిలో మిషిగన్ నిర్ణయాన్ని వాయిదా వేసి, తర్వాత తిరస్కరించింది. స్కోరు ఇచ్చి ఉంటే సీటు వచ్చేదని నేను అనడం లేదు. ఇచ్చిన చోట్ల కూడా కొన్ని తిరస్కారాలు వచ్చాయి, యేల్, కార్నెల్ వాటిలో ఉన్నాయి. ఒక్క ఫైలు ఫలితంతో ఒక సలహా తప్పొప్పులు తేలవు. నా ఫిర్యాదు ఫలితం మీద కాదు, నిర్ణయించిన తీరు మీద. ఆ అమ్మాయికి ఈ మాట ఫోనులో చెప్పాను. "పోనీలెండి సార్, నాకూ ఆ రోజు ఇవ్వొద్దనే అనిపించింది" అంది. అది ఆమె మంచితనం. ఆమెకు అలా అనిపించడానికి కూడా నేనే కారణమై ఉంటాను.

మార్చి చివరికి నాలుగు చోట్ల సీటు వచ్చింది. ఇంట్లో లెక్కలన్నీ వేసుకుని, మేనమామతో మాట్లాడుకుని ఇలినాయ్‌ను ఎంచుకున్నారు. కోచింగ్ సెంటర్ పుణ్యమా అని తారుమారైన పేరుతో 1390 ముందే చేరి ఉన్న చోటు అదే. జూన్, ఆగస్టు అధికారిక స్కోర్లు కలిపిన ఖాతా నుంచి, పాస్‌పోర్టులోని పేరుతో పంపించాం. ఏపీ నివేదికలో 5, 4, 3 మూడూ వెళ్లాయి. అడ్మిషన్ల కార్యాలయం నుంచి ఏ ప్రశ్నా రాలేదు.

ఈ కేసు తర్వాత నా దగ్గర కొత్త కుటుంబం కూర్చున్నప్పుడు నింపించే కాగితంలో వరుస మార్చాను. ఇంతకుముందు మొదటి గడి స్కోరుది. ఇప్పుడు మొదటి గడిలో పాస్‌పోర్టులో ఉన్న పేరు, రెండో గడిలో కాలేజ్ బోర్డు ఖాతాలో ఉన్న పేరు, మూడో గడిలో ఆ ఖాతా పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందన్న ప్రశ్న, నాలుగో గడిలో ఉచితంగా ఇప్పటికే ఎక్కడికైనా స్కోరు వెళ్లిందా అన్న ప్రశ్న ఉంటాయి. స్కోరు ఎంత అన్నది ఐదో గడి.